రాజ్యమేలినా మిగలని భాష: మంచూల కథ మనకేం చెప్తది?

భాష మీద మీటింగు ఎక్కడ పెట్టినా ఒక మాట తప్పకుండ వినవడ్తది. అధికారం మన చేతికొస్తే మన భాష దానంతటదే బతుకుతదని. ఈ మాటల ఎంత నిజమున్నదో తెల్వాలంటే చైనాల మంచూల దిక్కు చూడాలె. 1644 నుంచి 1912 దాకా, 268 ఏండ్లు చైనాను ఏలినోళ్లు వాళ్లు. ఇయ్యాల మంచూ భాషను చిన్నప్పటిసంది ఇంట్ల మాట్లాడుకుంట పెరిగినోళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ముసలోళ్లే మిగిలిండ్రు. వాళ్లు కూడా హెయిలాంగ్‌జియాంగ్ రాష్ట్రంల సాంజియాజి అసొంటి ఊళ్లెనే. యునెస్కో ఈ భాషను పూర్తిగా అంతరించే అంచున ఉన్న భాషల జాబితాల వెట్టింది.

మరి రాజ్యం ఈ భాషకు ఏమన్న తక్కువ చేసిందా? చేయలే. ఈశాన్య చైనాల జుర్చెన్ తెగలను ఏకం చేసిన నూర్హాచి, 1599ల మంగోలు అక్షరాల మీదికెల్లి తన భాషకు లిపి తయారు చేయించిండు. ఆయన కొడుకు హాంగ్ తైజీ 1635ల జుర్చెన్ అనే పేరు తీసేసి మంచూ అనే పేరు పెట్టిండు. బీజింగ్ చేతికొచ్చినంక మంచూ రాజభాష అయింది. చైనీస్ గ్రంథాలు అందులకు తర్జుమా అయినయి. కొలువులకు మంచూల పరీక్షలు పెట్టిండ్రు. బీజింగ్ కోటల గుమ్మాల మీద ఇప్పటికీ చైనీస్ పక్కన మంచూ అక్షరాలు కనవడ్తయి. 1689ల రష్యాతోని చేసుకున్న నెర్చిన్స్క్ సరిహద్దు ఒప్పందం లాటిన్, రష్యన్, మంచూ భాషలల్ల ఉన్నది. చైనీస్‌ల లేదు. అంత గౌరవం ఆ భాషది.

మరి ఎక్కడ దెబ్బతిన్నది? బతుకుదెరువు కాడ.

మంచూ సిపాయిలను ఎనిమిది జెండాల కింద దళాలుగ చేసి పట్నాలల్ల దించిండ్రు. జీతం, ధాన్యం సర్కారే ఇచ్చేది. సిపాయి కొలువు, సర్కారు కొలువు తప్ప వేరే పని చేసుకోనియ్యలే. చుట్టూ కోట్లమంది చైనీయులు. కూరగాయలు కొనాలన్నా, అప్పు తేవాలన్నా, నాటకం చూడాలన్నా చైనీసే. కొలువుల పైకి పోవాలన్నా చైనీస్ సదువు కావాలె. 18వ శతాబ్దంల చియెన్‌లాంగ్ చక్రవర్తి, మంచూ మాట్లాడరాని మంచూ అధికార్లను కోపగించుకుంట ఫర్మానాల మీద ఫర్మానాలు తీసిండు. ఫర్మానా ఇంట్లకు రాలేదు. ఆఖరి చక్రవర్తి పూయీ తన ఆత్మకథల చెప్పుకున్నడు, తనకు వచ్చిన మంచూ మాట ఒక్కటేనట. అది "ఇలి". అంటే "లే" అని. ముందట మోకాళ్ల మీద ఉన్న అధికార్లను లేవుమనేటందుకు పనికొచ్చే మాట.

దాని మీద భయం తోడైంది. 1911 విప్లవంల షియాన్ పట్నంల మంచూ వాడ మీద పడి వేలమందిని సంపిండ్రు. బతికినోళ్లు పేర్లు మార్చుకున్నరు, చైనీస్ ఇంటిపేర్లు పెట్టుకున్నరు, మేం మంచూలం కాదన్నరు. 1932ల జపానోళ్లు అదే పూయీని గద్దె మీద కూసోబెట్టి మంచుకువో అనే కీలుబొమ్మ రాజ్యం నడిపిండ్రు. దాంతోని మంచూ అనే పేరుకే అనుమానం అంటుకున్నది.

ఇప్పుడు లెక్కలు చూడుండ్రి. 1982 జనగణనల మంచూలు 43 లక్షలు. 1990ల 98 లక్షలు. ఎనిమిదేండ్లల్ల అంతమంది పుట్టలే. భయం తగ్గింది, జాతి పేరు మార్చి రాయించుకోనిచ్చిండ్రు. మైనారిటీలకు పరీక్షల్ల మార్కులు, పిల్లలను కనే నిబంధనల్ల సడలింపు దొరికినయి. 2020 నాటికి 1.04 కోట్లు దాటిండ్రు. కాయితం మీద జాతి తిరిగొచ్చింది. నోట్లెకు భాష రాలే.

ఇంకో దిక్కు షిబో జనం కథ ఉన్నది. మంచూకు బాగా దగ్గరి భాష వాళ్లది. 1764ల చియెన్‌లాంగ్ వీళ్ల సిపాయిలు వెయ్యిమందిని పిల్లాజెల్లలతోని ఈ కొసకెల్లి ఆ కొసకు, షిన్‌జియాంగ్‌ల ఈలి లోయకు సరిహద్దు కాపలాకు పంపిండు. ఏడాదికి పైగా ప్రయాణం చేసి పోయిండ్రు. అక్కడ ఊళ్లు కట్టుకొని ఒక్కతాన ఉన్నరు, ఎవుసం చేసుకున్నరు, బడులు పెట్టుకున్నరు. 1946ల పెట్టుకున్న పత్రిక కూడా ఉన్నది. వేలమంది నోట ఆ భాష ఇంకా బతికున్నది. రాజధానిల రాజభాష పోయింది, సరిహద్దుల ఎవుసం చేసుకునేటోళ్ల కాడ మిగిలింది. నేను ఈ కథల వట్టుకున్న అసలు విషయం ఇదే. రాజముద్రతోని భాష బతకలే. పొద్దందాక పనిల, ఇంట్ల, బడిల వాడుకున్నందుకు బతికింది.

ఇప్పుడు ఆ బడి మీదికే వచ్చింది. 2020ల ఇన్నర్ మంగోలియాల కొన్ని పాఠాలను మంగోలు భాషకెల్లి చైనీస్‌కు మార్చినప్పుడు తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపకుండ నిరసన చేసిండ్రు. 2021ల మైనారిటీ ప్రాంతాల శిశు బడులల్ల కూడా చైనీసే వాడాలన్నరు. అందరికీ ఒక్క భాష వస్తే కొలువులు దొరుకుతయని సర్కారు వాదన. కొలువు కావాలె, కాదనను. కాని పెద్ద భాష నేర్చుకునేటందుకు ఇంటి భాషను బడి బయట నిలవెట్టాల్సిన పనిలేదు. "ఎవ్వలూ నిషేధించలే, మంచూ దానంతటదే పోయింది" అనే మాట కూడా నేను ఒప్పుకోను. బువ్వకు ఒక్కటే తొవ్వ ఉంచినంక, ఆ తొవ్వన నడిచినోణ్ణి ఇష్టంతోని పోయిండనవచ్చునా?

నష్టం ఎంతనంటే, బీజింగ్‌ల మొదటి చారిత్రక పత్రాగారంల చింగ్ కాలం నాటి కోటి పత్రాలల్ల దాదాపు 20 లక్షలు మంచూల ఉన్నయి. వాటిని సదవగలిగేటోళ్లు మస్తు తక్కువ. పట్నాలల్ల కొందరు మంచూ యువకులు ఇప్పుడు పుస్తకాలు, ఇంటర్నెట్ పట్టుకొని భాష నేర్చుకుంటుండ్రు. మంచి పనే. కాని అమ్మ ఒళ్లె రావాల్సిన భాషను ఇరవై ఏండ్లకు వ్యాకరణం పుస్తకంల వెతుక్కునుడు ఎంత కష్టమో వాళ్లకే ఎరుక.

చైనాను తిట్టి చేతులు దులుపుకునే కథ కాదిది. మన ఆదిలాబాద్‌ల గోండి ఉన్నది, కొలామి ఉన్నది. 2011 జనగణనల దేశంల గోండి మాట్లాడేటోళ్లు 29 లక్షలకు పైనే. ఎనిమిదో షెడ్యూల్ల ఆ భాషకు చోటు లేదు. గుంజాల గోండి లిపి 2018ల యూనికోడ్‌లకు ఎక్కింది. ఫోన్లకు ఎక్కే తొవ్వ పడ్డది, మరి అంగన్‌వాడికి? హిందీ రుద్దుతుండ్రని కొట్లాడే మనమే ఆడ పెద్ద భాషోళ్లం. గోండు పిల్ల, కొలాం పిల్ల బడిల అడుగు పెట్టిన మొదటి దినం ఏ మాట వినాలె? గూడెం అంగన్‌వాడిల ఆ భాష వచ్చిన టీచర్‌ను పెట్టుమని, మొదటి మూడేండ్లు ఇంటి భాషల సదువు చెప్పుమని అడుగుడు మన పని కూడా.