టిక్కు పెట్టని కుర్రవాడు

మొన్న ఆదివారం తెనాలి స్టేషనులో, రేపల్లెలో మా అక్కగారింటికి వెళ్ళే బండి కోసం చూస్తూంటే, "నమస్కారం మాస్టారూ!" అన్నాడొకడు. బాపట్లలో ఇంటర్మీడియట్ నా దగ్గరే చదివాడు. ఇప్పుడు సరుకు ఓడలో ఆఫీసరు.

"సెలవా?"

"కాదండీ. గడువు తీరకుండానే దిగి వచ్చేశాను."

ఆపద వస్తే ఓడ విడిచి పడవల్లోకి దిగే కసరత్తు నెలనెలా చెయ్యాలిట. ఆ నెల చెయ్యలేదు. చేసినట్టు కాగితంమీద టిక్కు పెట్టి సంతకం చెయ్యమన్నారు. వీడు చెయ్యనన్నాడు. ఏ కంపెనీయో చెప్పలేదు, నేనూ అడగలేదు.

"అంత చిన్న టిక్కు కోసమా?" అన్నాను, బుద్ధి తక్కువై. (తలెత్తకుండా హాజరు వేసే అలవాటు నాకూ వుంది లెండి.)

వాడే చెప్పాడు. 1987 మార్చి 6న బెల్జియం రేవు జీబ్రుగ్గె నుంచి 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' ముందు తలుపులు తెరిచే బయలుదేరింది. మూయవలసినవాడు నిద్రలో వున్నాడు. మూసే వుంటాడని కెప్టెను అనుకున్నాడు. తలుపు సంగతి తెలిపే దీపం పెట్టించండని అంతకు ముందే కెప్టెన్లు అడిగితే, ఒడ్డునున్న దొరలు వెక్కిరించారు. 193 మంది పోయారు. అటు తరవాతనే ఓడల భద్రతకు 'ఐ.ఎస్.ఎం. కోడ్' వచ్చింది, 1998లో అమలయింది. బాధ్యత ఓడవాడిదే కాదు, ఆఫీసుదీ అంటుందది. ఓడలోనివాడు చెప్పుకోడానికి ఒడ్డున ఒక మనిషి వుండాలంటుంది.

"ఆయనకు రాశానండీ. జవాబు రాలేదు."

నేను ఊరుకోవచ్చుగా! మన మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఎత్తాను. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకు వెనకటి రాజులు లాక్కునేవారు. ఆయన సుంకం తప్ప ముట్టనన్నాడు.

"మీరు చెప్పిందే కదండీ, పరీక్షలో కూడా రాశాను. అది సరుకుకు అభయం. మరి మనుషులకో?"

బండి వచ్చింది. ఇంట్లో ఇంకా చెప్పలేదుట. వాళ్ళ నాన్నతో నన్ను మాట్లాడమన్నాడు. అక్కగారింటికి తరవాత వెళ్ళవచ్చు లెమ్మని వాడితో ఎక్కాను.