మూగబోనున్న డిస్కు – గురుకంఠం

వేదాధ్యాయుల ఇండ్లలో గతించిన గురువుల పారాయణ ధ్వనిముద్రణలు తరచుగా ఒక పాత కంప్యూటరులో మాత్రమే ఉంటున్నవి. దాని హార్డు డిస్కు టక్కుటక్కుమని శబ్దించగానే గృహస్థుడు మరమ్మతు ప్రోగ్రామును నడుపుతాడు. అది అనుచితం. నిమిషానికి 5400 లేదా 7200 పర్యాయములు పరిభ్రమించే ఫలకంపై, రోమం కన్న ఎంతో సూక్ష్మమైన ఎడంలో చలించే హెడ్డు తడబడుతున్నదనుటకు ఆ శబ్దం సూచన. చెక్‌డిస్కు వంటి సాధనం ఫలకాన్నంతా చదివించి, కొనఊపిరితో ఉన్న యంత్రాన్ని మరింత అలయజేస్తుంది. స్మార్ట్ నివేదికలో చెడిన సెక్టార్ల సంఖ్య పెరుగుతున్నప్పుడూ ఇదే న్యాయం: ముందు ప్రతి తీయవలెను, పిదప చికిత్స. కేబులు వదులైనా డిస్కు కనబడకపోవచ్చు గనుక దానిని ఒకమారు చూడవచ్చును. శబ్దం ఆగకుంటే విద్యుత్తు తీసివేసి నిపుణునికి అప్పగించుటే మేలు. ఫ్రీజరులో పెట్టుట, మూత విప్పుట కేవలం మౌఢ్యం. ధూళికణమొక్కటి చాలు ఫలకం గీచుకొనిపోవుటకు.

పద, క్రమ, జటా, ఘన పాఠాలతో ఒక్క స్వరమైనా జారకుండా కాచిన సంప్రదాయమిది. మంత్రాన్ని ఏనాడూ ఒక్క కంఠానికే అప్పగించలేదు. అట్టివారు గురువు కంఠాన్ని ఒక్క ఇనుపపెట్టెకు అప్పగించి నిశ్చింతగా ఉండుట వింత. పదిమంది శిష్యులున్న ఇంట రెండవ ప్రతి లేకపోవుటకు పేదరికం కారణం కాదు. పెన్‌డ్రైవు వెల ఒకనాటి సంభావనకు మించదు.