రూమ్ మారారా? గడువు పది రోజులే!

నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్ ముందు పొద్దున్నే ఫైళ్లు పట్టుకుని నిలబడేవాళ్లలో చాలామంది మీ వయసువాళ్లే. ఐ-20, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మార్కుల మెమోలు అన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటారు. వీసా చేతికొచ్చాక కాగితాల గొడవ తీరిపోయిందనుకుంటారు. నిజానికి అసలు పని అక్కడ దిగాకే మొదలవుతుంది. అందులో ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది అడ్రస్.

మనకు ఆ అలవాటు లేకపోవడమే ఇందుకు కారణం. మాదాపూర్ హాస్టల్‌లో తిండి నచ్చకపోతే కొండాపూర్‌కి, అక్కడ అద్దె పెరిగితే గచ్చిబౌలికి మారిపోతాం. బ్యాగు సర్దుకుంటే చాలు, ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆధార్‌లో మాత్రం ఊళ్లోని ఇంటి అడ్రసే ఉంటుంది. అమెరికాలోనూ ఇలాగే ఉంటే చట్టాన్ని మీరినట్టే.

చట్టం ఏమంటోంది?

ఇల్లు మారిన 10 రోజుల్లోగా కొత్త అడ్రస్ తెలపాలన్నది కొత్త నిబంధనేమీ కాదు. 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలోనే ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికీ వర్తిస్తుంది. ఇన్నేళ్లూ దీన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. 2025 జనవరి 20న ట్రంప్ బాధ్యతలు చేపట్టిన రోజే ఇచ్చిన ఉత్తర్వుతో విదేశీయుల రిజిస్ట్రేషన్ మళ్లీ తెరపైకి వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 11 నుంచి కొత్త నిబంధన అమల్లోకి వచ్చింది. వీసాపై వెళ్లి ఐ-94 తీసుకున్న విద్యార్థులు ఇప్పటికే రిజిస్టరైనట్టు లెక్క. కానీ అడ్రస్ బాధ్యత మాత్రం తప్పదు. చెప్పకపోతే 5,000 డాలర్ల వరకు జరిమానా లేదా 30 రోజుల వరకు జైలు, కొన్నిసార్లు రెండూ పడొచ్చు. కావాలని దాచలేదని నిరూపించుకోలేకపోతే దేశం నుంచి పంపేసే వీలు కూడా చట్టంలో ఉంది.

జరిమానా కన్నా పెద్ద నష్టం మరొకటుంది. నోటీసులన్నీ మీరు చివరిగా ఇచ్చిన అడ్రస్‌కే వెళ్తాయి. అది ఇమిగ్రేషన్ కోర్టు నోటీసైతే, వాయిదాకు మీరు రాలేదని మీ పరోక్షంలోనే ఉత్తర్వు వెలువడొచ్చు. ఉద్యోగానికి అవసరమైన ఈఏడీ కార్డు వచ్చేది కూడా పోస్టులోనే.

2011 నేర్పిన పాఠం

కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ఉన్న ట్రై-వ్యాలీ యూనివర్సిటీ పేరు మీ సీనియర్లకు గుర్తుండే ఉంటుంది. 2011 జనవరిలో అధికారులు దానిపై దాడి చేశారు. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ వాళ్లు చాలామంది. రికార్డులు తిరగేస్తే సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు తేలింది! నిజానికి వాళ్లు వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నారు. ఆ విషయం బయటపడకుండా వర్సిటీయే ఆ అడ్రస్ రాసింది. నిర్వాహకురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. కానీ అప్పటికే కొందరు విద్యార్థుల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. వాళ్లలో మోసపోయినవాళ్లూ ఉన్నారు. అయినా రికార్డు వాళ్ల పేరు మీదే ఉంది, విచారణ ఎదుర్కొన్నదీ వాళ్లే.

అంటే, మీ అడ్రస్‌ను వేరేవాళ్ల చేతిలో పెట్టకూడదు. అది యూనివర్సిటీ కావచ్చు, ఉద్యోగం చూపిస్తామనే కన్సల్టెన్సీ కావచ్చు. ‘మా గెస్ట్‌హౌస్ అడ్రస్ ఇచ్చేయండి, మిగతాది మేం చూసుకుంటాం’ అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

ఎవరికి చెప్పాలి?

ఎఫ్-1 విద్యార్థులైతే 10 రోజుల్లోగా యూనివర్సిటీలోని డీఎస్ఓకి చెప్పాలి. వాళ్లు 21 రోజుల్లోగా సెవిస్‌లో మారుస్తారు. మారిందో లేదో మీరే అడిగి తెలుసుకోండి. ఓపీటీలో ఉన్నవాళ్లు సెవిస్‌కు అనుబంధంగా ఉన్న సెవ్‌ప్ పోర్టల్‌లో స్వయంగా మార్చుకోవచ్చు. కంపెనీ మారినా గడువు 10 రోజులే. ఈఏడీ లాంటి దరఖాస్తు పెండింగ్‌లో ఉంటే యూఎస్‌సీఐఎస్‌కి కూడా విడిగా చెప్పాలి. హెచ్-1బీ వాళ్లు ఏఆర్-11 ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. దీనికి ఫీజు లేదు. పోస్టాఫీసులో అడ్రస్ మార్పించుకున్నంత మాత్రాన ఇవేవీ పూర్తయినట్టు కాదు.

హెచ్-1బీలో ఇంకో మెలిక ఉంది. ఇల్లు మారడం ఒకటైతే, పనిచేసే చోటు మారడం మరొకటి. వేరే మెట్రో ప్రాంతానికి మారితే, అక్కడ పని మొదలుపెట్టేలోపే కంపెనీ సవరించిన పిటిషన్ వేయాలని 2015లో సిమియో సొల్యూషన్స్ కేసులో తేల్చారు. ఇంటి నుంచి పని చేస్తూ ఊరు మార్చే ముందు కంపెనీకి చెప్పమనేది అందుకే.

ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎక్కడున్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. రేపు గ్రీన్‌కార్డు దరఖాస్తులో గత ఐదేళ్ల అడ్రస్‌లు తేదీలతో సహా అడుగుతారు. అంతదాకా ఎందుకు, ఇక్కడ పాస్‌పోర్టుకి పోలీసు వెరిఫికేషన్ వచ్చినప్పుడు మీరు రాసిన హాస్టల్‌లో మీరు లేకపోతే అప్పుడే చిక్కు మొదలవుతుంది. అడ్రస్ మార్పు చెప్పడానికి పట్టేది పది నిమిషాలు. చెప్పకపోతే, ఇంట్లో వాళ్లు అప్పు చేసి పంపిన చదువే ప్రమాదంలో పడొచ్చు.