ట్రెక్ ఫారంలో లేని గడి



హాస్టల్ పిల్లల్ని హిమాలయాలకు తీసుకెళ్తున్నానని పోయిన వారం రాశాను. అప్పట్నుంచి రెండు రకాల ప్రశ్నలు వస్తున్నాయి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ అడుగుతున్నది: "అక్కా, ఎట్లా ప్లాన్ చేస్తున్నావ్? మేమూ చేసుకుంటాం, వివరంగా రాయి." కొందరు పాత కామ్రేడ్లు అడుగుతున్నది: "వాడల్లో ఇన్ని సమస్యలుండగా ఈ కొండల సరదా ఏంటి?"

రెండింటికీ కలిపి ఈ వారం జవాబు. పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ప్లాన్.

మేం వెళ్తున్నది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్‌కి. హిమాచల్ ప్రదేశ్‌లో కుల్లూ జిల్లా. 754 చదరపు కిలోమీటర్ల అడవి, మంచు కొండలు. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైలు. ఢిల్లీ నుంచి మనాలీ వెళ్లే బస్సెక్కి ఔట్ దగ్గర దిగాలి. అక్కణ్నుంచి బంజార్, బంజార్ నుంచి గుషైణీ. ఆ తర్వాత తీర్థన్ నది పక్కన నడకే. మొదటిరోజు పార్కు గేటున్న రోలా దాకా. రెండో రోజు షిల్ట్ అనే చోటికి, అది సుమారు 3000 మీటర్ల ఎత్తు. ఒక్క రోజులో దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కుతాం కాబట్టి అక్కడ రెండు రాత్రులు ఆగుతాం. తర్వాత వచ్చిన దారినే దిగుతాం. లోపల దుకాణాల్లేవు. బియ్యం, పప్పు, టెంట్లు అన్నీ మోసుకెళ్లాలి. పర్మిట్ ముందే తీసుకోవాలి, స్థానిక గైడ్ ఉండాలి. అక్టోబర్ పెట్టుకున్నాం. వానలు తగ్గుతాయి, పెద్ద మంచు ఇంకా మొదలవదు. అక్టోబర్ 14, బాబాసాహెబ్ బౌద్ధం తీసుకున్న రోజు, షిల్ట్‌లో ఉండేలా తేదీలు కుదిర్చాం.

పిల్లలు పద్నాలుగు మంది. తొమ్మిది మంది ఆడపిల్లలు, అయిదుగురు మగపిల్లలు. అందరూ ఎస్సీ, ఎస్టీ హాస్టళ్లలో చదివినవాళ్లే. నేనూ, నర్సుగా పనిచేసే ఒక మిత్రురాలూ కలిస్తే పదహారు మందిమి.

ఇక ఫారాల సంగతి. ట్రెక్కింగ్ వాళ్ల మెడికల్ ఫారం ఒకటి తెప్పించి చూశాను. బీపీ ఉందా, షుగర్ ఉందా, ఆస్తమా ఉందా, గుండెజబ్బు ఉందా అని గళ్లున్నాయి. ఆ ఫారం ఎవరి ఒంటిని మనసులో పెట్టుకుని తయారైందో చూడగానే తెలుస్తుంది. వారానికోసారి జిమ్‌కెళ్లే నలభై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒంటిని.

మన పిల్లల ఒంటి సంగతి వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలిలో ప్రాణవాయువు పలచబడుతుంది. దాన్ని ఒంట్లో మోసుకెళ్లాల్సింది రక్తమే. ఆ రక్తమే పలచగా ఉంటే మెట్లెక్కినట్టు కొండెక్కలేం. అందుకే మొదటి పని హిమోగ్లోబిన్ పరీక్ష. తక్కువున్న వాళ్లకి నెలల ముందు నుంచే డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు, గుడ్లు, ఆకుకూరలు.

రెండోది సికిల్ సెల్. ఆదిలాబాద్, భద్రాచలం వైపు పిల్లలున్న ఏ గుంపుకైనా ఇది తప్పనిసరి. జబ్బు బయటపడకుండా ఆ లక్షణం మాత్రమే ఒంట్లో ఉన్న మనిషికి కూడా ఎత్తుమీద ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఫారంలో ఆ గడి లేదు. నేనే చేత్తో గీశాను. పరీక్ష చేయిస్తే ఒక తమ్ముడికి లక్షణం ఉందని తేలింది. డాక్టరు వద్దన్నారు. వాడు రెండ్రోజులు ఎవరితో మాట్లాడలేదు. ఇప్పుడు కింద బంజార్‌లో ఉండి మా ఫోన్లూ, డబ్బూ, అత్యవసరం వస్తే బండీ చూసుకునే బాధ్యత తీసుకున్నాడు. వాణ్ని లిస్టులోంచి కొట్టేయలేదు.

తర్వాత బరువు. వీపు మీది సంచి ఒంటి బరువులో అయిదో వంతు మించకూడదనేది నేను పెట్టుకున్న లెక్క. నలభై అయిదు కిలోల పిల్ల తొమ్మిది కిలోలు మోయాలి. స్లీపింగ్ బ్యాగ్, చలిబట్టలు, నీళ్లతోనే అది నిండిపోతుంది. టెంట్లు, వంటసామాను ఎవరు మోయాలి? పోర్టర్లు. ఇక్కడ పెద్ద గొడవ అయింది. "మన తాతలు మోసిన మోతలు చాలలేదా అక్కా, ఇంకో పేదోడి వీపు మీద మన బియ్యం మూట పెడతామా?" అని ఒక తమ్ముడు లేచాడు.

మంచి ప్రశ్న. నా జవాబు ఇది. మోయడంలో అవమానం లేదు. కూలి ఎగ్గొట్టడంలో, బరువుకి హద్దు లేకపోవడంలో, మోసినవాడు బయట చలిలో పడుకోవడంలో ఉంది అవమానం. మనం కూలీలు వద్దని పవిత్రంగా నడిస్తే ఆ సీజను మీద బతికేవాడి కడుపు కొట్టినట్టే. అందుకని షరతులు రాసుకున్నాం. బయల్దేరే ముందు అందరి ముందు కాటా వేయాలి. కిలిమంజారో పార్కులో పోర్టర్ బరువు 20 కిలోలు మించకూడదని నిబంధన ఉంది. మేమూ అదే పెట్టుకున్నాం. కూలి ఏజెంటు ద్వారా కాకుండా చేతికే ఇవ్వాలి. మేం పడుకునే టెంట్లే వాళ్లకి, మేం తినే అన్నమే వాళ్లకి. ఇంకోటి, ట్రెక్కింగ్ ఫొటోల్లో పోర్టర్‌కి పేరుండదు. మా లిస్టులో గైడ్, వంటమనిషి, నలుగురు పోర్టర్లతో కలిపి ఇరవై రెండు పేర్లుంటాయి.

ఇంతవరకూ లెక్కలు. ఇప్పుడు అసలు సంగతి.

మొదట ఒక ఏజెంటుకి ఫోన్ చేశాను. మర్యాదగా మాట్లాడాడు. రేటు చెప్పాడు, టెంట్ల కంపెనీ చెప్పాడు. చివర్లో అన్నాడు: "మేడమ్, గైడు, వంటవాళ్లు అందరూ ఠాకుర్ల పిల్లలే. ఆ విషయంలో మీకు ఏ అనుమానమూ అక్కర్లేదు. సామాను మోసేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లు వంట టెంటులోకి రారు."

వేడినీళ్లు దొరుకుతాయి, ఫోన్ ఛార్జింగ్ ఉంటుంది అన్నట్టే చెప్పాడు. అదొక సౌకర్యం. నేను అడగలేదు, అయినా ప్యాకేజీలో ఉంది.

కొండల్లో మనుషులు అమాయకులు, అక్కడ కులం ఉండదు అనుకునేవాళ్లు మనలోనే చాలామంది. 2011 లెక్కల ప్రకారం హిమాచల్ జనాభాలో నాలుగో వంతు ఎస్సీలే. 2018 ఫిబ్రవరిలో, పరీక్షల గురించి ప్రధానమంత్రి పిల్లలతో మాట్లాడే కార్యక్రమాన్ని టీవీలో చూపించడానికి ఇదే కుల్లూ జిల్లాలో ఒక బడి పిల్లల్ని ఒకరింటికి తీసుకెళ్లారు. దళిత పిల్లల్ని గది బయట, గుర్రాలు కట్టేసే చోట కూర్చోబెట్టారు. ఆ పిల్లలు నోటుబుక్కు కాగితం మీద జిల్లా అధికారికి ఫిర్యాదు రాశారు. మధ్యాహ్న భోజనం దగ్గరా తమను వేరుగా కూర్చోబెడతారని అందులో చెప్పారు. అక్కడి ఊరి దేవతల పల్లకీ కదలాలంటే ముందు డోలు మోగాలి. ఆ డోలు వాయించే బజంత్రీలు దళితులు. చాలా గుళ్లలో గడప దాటకూడనిది కూడా వాళ్లే. మన డప్పు కథే, భాష వేరు.

ఏజెంటు మాట పిల్లలకు చెప్పాను. రెండు గంటలు చర్చ. డిగ్రీ ఫైనలియర్ చెల్లెలు ఒకామె అంది: "చెప్పకుండా వెళ్దాం అక్కా. మన ఇంటిపేర్లు చూసి అక్కడ ఎవరికీ కులం తెలీదు. వాళ్లకి మనం మదరాసీలం, అంతే. అయిదు రోజులే కదా, ఒక్కసారైనా కులం లేకుండా తిరిగొద్దాం."

ఆ చివరి మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. అది తప్పని ఎట్లా అంటాను? ఇల్లు అద్దెకు అడిగినప్పుడు నేనెన్ని సార్లు మాట తప్పించలేదు?

అప్పుడు బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసిన ఒక యాత్ర గుర్తొచ్చింది. 1934లో ఉద్యమ సహచరులు ముప్పై మంది దాకా కలిసి వెరూళ్ల బౌద్ధ గుహలు చూడాలని బయల్దేరారు. ఆ ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యం, అంటే మనదే. వాళ్లూ ఇదే ప్రశ్న వేసుకుని, దారిలో ఎవరమో చెప్పకూడదనే నిర్ణయించుకున్నారు. ఆగే చోట్ల మాత్రం చెప్పారు. పేరు చెప్పని ఊళ్లలో ఏ ఇబ్బందీ రాలేదు. తెలిసిన దౌలతాబాద్‌లో, కోట గుమ్మం దగ్గరి చిన్న కొలనులో దుమ్ము కడుక్కున్నందుకు నీళ్లు మైలపడ్డాయని జనం మీదికొచ్చారు. చివరికి లోపల ఎక్కడా నీళ్లు ముట్టకుండా చూడమని ఒక సాయుధ సిపాయిని వెంట పంపారు. అంటే అంటరానివాళ్ల టూరు ప్లానులో ఈ గడి తొంభై ఏళ్ల కిందటే ఉంది. దాచినందుకు ఆయన్ని ఎవరూ తప్పుపట్టలేరు. మా చెల్లెల్నీ పట్టలేరు.

అయినా నేను వద్దన్నాను. ఎందుకంటే ఆ వంట టెంటు. మనం పేరు దాచి లోపల కూర్చుని ఠాకూర్ల పిల్లలు వడ్డించింది తింటాం. మన సామాను మోసుకొచ్చిన కుర్రాడు బయట రాయి మీద కూర్చుని తింటాడు. మన కులం కనబడకుండా పోవడం నిజమే, కానీ అతని కులం పోదు. దాచడం వల్ల ఆ అయిదు రోజులూ మనం కులం లేనివాళ్లం కాము, పై కులం వాళ్లమవుతాం. ఒంటరిగా ప్రాణభయంతో దాచుకోవడం వేరు. పదహారు మందిమి, చేతిలో డబ్బుతో, ఒకరికి పనిచ్చే స్థితిలో ఉండి దాచుకోవడం వేరు.

ఆ అడవి చరిత్ర కూడా చెప్పాలి. 1984లో పార్కు ప్రతిపాదన, 1999లో తుది నోటిఫికేషన్. దాంతో గొర్రెల మేత, మూలికలు, గుచ్ఛీ పుట్టగొడుగుల ఏరివేత ఆగిపోయాయి. పరిహారం ఇచ్చేటప్పుడు బ్రిటిష్ కాలపు అటవీ సెటిల్‌మెంట్ రికార్డును ముందు పెట్టుకున్నారు. ఆ రికార్డులో అడవి హక్కు భూమికి ముడిపడి ఉంది. పొలం ఉన్నవాడికి అడవిలోనూ హక్కుంది. పొలం లేనివాడు అడవి మీదే బతికినా కాగితంలో లేడు. భూమి లేనిదెవరికో మీకు నేను చెప్పాలా? అదే సమయంలో పార్వతీ జలవిద్యుత్ ప్రాజెక్టు కోసం మాత్రం కొంత భాగాన్ని పార్కు హద్దుల్లోంచి తీసేశారు. మూలికలు ఏరే ఆడమనిషి అడవికి ప్రమాదం, సొరంగం తవ్వే యంత్రం కాదన్నమాట. నల్లమలలో చెంచుల గోడు తెలిసినవాళ్లకి ఇదేం కొత్త కాదు. మనం చూసి మురిసే ఆ నిర్మానుష్య సౌందర్యం ఎవరినో బయటికి పంపితే వచ్చింది. గైడ్ చేత ఇది కూడా చెప్పించుకోవాలి, పక్షుల పేర్లొక్కటే కాదు.

ఇక కామ్రేడ్లకి. 2014 మే 25న, ఇంకో వారంలో రాష్ట్రం రెండవుతుందనగా, మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ ఎవరెస్టు ఎక్కారు. గిరిజన బిడ్డ, దళిత బిడ్డ. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్చుకుని ప్రపంచం కొసకు చేరారు. మనమంతా గర్వపడ్డాం, పోస్టర్లు వేసుకున్నాం. కానీ అప్పట్నుంచి నన్నొక ప్రశ్న తొలుస్తోంది. మన పిల్లలు కొండెక్కాలంటే రికార్డే కొట్టాలా? వాళ్ల పిల్లలు ఊరికే ఎక్కుతారు. గాలి కోసం, పుట్టినరోజు కోసం, ఏమీ తోచక ఎక్కుతారు. మన పిల్లలు మాత్రం ఏదో రుజువు చేయడానికి ఎక్కాలి. మామూలుగా నడిచి, అలిసిపోయి, సగంలో కూర్చుని, నదిలో కాళ్లు పెట్టుకుని వెనక్కి రావడం కూడా హక్కే. 1927లో మహద్‌లో తాగిన దోసెడు నీళ్లు దాహం కోసం మాత్రమే కాదని మీరే కదా నాకు నేర్పింది.

చివరికి ఏర్పాటు ఇలా కుదిరింది. హిమాచల్‌లో పనిచేసే ఒక దళిత విద్యార్థి మిత్రుడు ఇద్దరు స్థానిక కుర్రాళ్ల నంబర్లిచ్చాడు. ఒకతను గైడ్. ఇంకొకతను ఏళ్ల తరబడి సామాను మోస్తున్నాడు. వంట బాగా వచ్చు, కానీ గుంపులు అతన్ని వంటకు పెట్టుకోవు. అతనితో ఫోన్లో మెనూ మాట్లాడాను. రాజ్మా, అన్నం, గుడ్లు. మా వాళ్లకి కారం ఎక్కువ కావాలన్నాను. నవ్వాడు. కాసేపాగి అడిగాడు: "దీదీ, వంట నేను చేస్తే మీ పిల్లలు తింటారు కదా?"

మేమెవరమో చెప్పాను. కొంచెంసేపు మాట లేదు. తర్వాత, "అయితే ఇంకో రెండు కిలోల బియ్యం ఎక్కువ తెస్తాను, అందరం కలిసే తిందాం" అన్నాడు.

ఆ మాట పిల్లలకు స్పీకర్ పెట్టి వినిపించాను. చెప్పకుండా వెళ్దామన్న చెల్లెలే ముందు తలెత్తి, "లిస్టులో ఆయన పేరు పైన రాయక్కా" అంది.

మీ కాలేజీల్లో ఎవరైనా ఇట్లాంటిది ప్లాన్ చేస్తే నా లిస్టు వాడుకోండి. రక్తపరీక్ష, సికిల్ సెల్ పరీక్ష, కాటా, చేతికి కూలి, అందరి పేర్లు. వాటి కింద ఇంకో గడి గీసుకోండి: వంట ఎవరు చేస్తున్నారు, ఎవరు ఎక్కడ కూర్చుని తింటున్నారు. ఆ గడి నింపకుండా అడ్వాన్సు కట్టకండి.

మా పిల్లలకో మాట. కొత్త బూట్లు కొండ మీద మొదటిసారి వేసుకుంటే కాళ్లు బొబ్బలెక్కుతాయి. రేపట్నుంచే తొడుక్కుని తిరగండి. ఆదివారం పొద్దున ఆరింటికి గుట్ట దగ్గర కలుద్దాం.

జై భీమ్.