పాతదైతే పేలదా?

అమెరికాలో పాత సైనిక రైఫిళ్ళు కొని ఇంట్లో పెట్టుకోవడం కొందరికి సరదా. రష్యా మోసిన్-నాగాంట్, బ్రిటన్ లీ-ఎన్‌ఫీల్డ్ లాంటివి. అదేమంటే "ఇది ఆయుధం కాదు, చరిత్ర" అంటారు. అక్కడి కేంద్ర చట్టం కూడా 50 ఏళ్ళు దాటినవాటిని అపురూప వస్తువుల్లో చేర్చి, లైసెన్సున్న సేకర్తకి నేరుగా ఇంటికే పంపనిస్తుంది.

అమ్మమ్మ కాలం నాటి కత్తిపీటైతే వేలు తెగదా? 1963లో కెనెడీని బలిగొన్నది 1940లో తయారైన ఇటలీ సైన్యపు రైఫిలే. టెలిస్కోపుతో సహా 19.95 డాలర్లకి పోస్టులో తెప్పించుకున్నది.

చరిత్రంటే నాకూ గౌరవమే. ఆ పేరు చెప్పి తాళం వెయ్యకపోతేనే ఒళ్ళు మండుతుంది. ఈ రెండు రకాల రైఫిళ్ళకీ బోల్టు చేత్తోనే ఊడి వస్తుంది. అది లేకుండా తూటా పేలదు. రైఫిలు ఒకచోట, బోల్టు ఒకచోట, తూటాలు ఇంకోచోట పెట్టి మూడింటికీ తాళం వేస్తే చరిత్రకి వచ్చే నష్టమేమిటి?

అక్కడున్న అక్కచెల్లెళ్ళూ, మీ ఇంట్లోకి రైఫిలు వచ్చేలోపే తాళాలు రావాలని పట్టుబట్టండి. గోడకి అందమా కాదా అన్నది తర్వాత. ముందు పిల్లలు తిరిగే ఇల్లది.