తెల్గీ స్టాంపులు దొంగవి, మన దగ్గర స్టాంపులు అసలువే!

మిత్రులారా, సోనీలివ్‌లో ‘స్కామ్ 2003’ చూశారు కదా? సెప్టెంబర్‌లో ఐదు ఎపిసోడ్లు, నవంబర్‌లో మిగతావి వచ్చాయి. బాగుంది. గగన్ దేవ్ రియార్ తెల్గీ పాత్రలో జీవించేశాడు. చూడొద్దని నేననను. కానీ చూశాక మనం స్టేటస్‌లో ఏం పెట్టుకున్నాం? డాన్స్ బార్‌లో నోట్లు వెదజల్లే సీను! “రైల్లో పండ్లమ్మినోడు కోట్లు కొట్టాడు, మగాడంటే వాడేరా” అని కామెంట్లు. నా పేచీ ఇక్కడే.

తెల్గీ ఏం చేశాడు? 1994లో స్టాంపులు అమ్మే లైసెన్సు తెచ్చుకున్నాడు. నాసిక్ సెక్యూరిటీ ప్రెస్ పాతవని వేలం వేసిన మెషిన్లు దక్కించుకున్నాడు. నకిలీ స్టాంపు పేపర్లు అచ్చేసి బ్యాంకులకు, ఇన్సూరెన్స్ కంపెనీలకు అమ్మాడు. ఇదంతా ఒక్కడి తెలివితో అయ్యే పనేనా? లైసెన్సు మీద సంతకం ఎవరిది? వేలం ఫైలు కదిపిందెవరు? చూసీ చూడనట్టు వదిలేసిందెవరు? పోలీసు అధికారుల దాకా, మన ఉమ్మడి రాష్ట్రంలో ఒక ఎమ్మెల్యే దాకా అరెస్టులు జరిగాయి. తెల్గీకి 2006లో 30 ఏళ్ల జైలు పడింది. 2017లో ఖైదీగానే చనిపోయాడు. లంచం తిన్న చేతులన్నిటికీ బేడీలు పడ్డాయా? సీరియల్ చూసి అడగాల్సిన ప్రశ్న ఇది. మనమేమో దొంగకి చప్పట్లు కొడుతున్నాం.

ఇంకో మాట. స్టాంపు పేపరు అంటే సిటీవాళ్లకి స్కాము. ఏజెన్సీలో మనకి అది భూమి. తెల్గీ కథలో పేపరు దొంగది, దాని మీద రాసుకున్న లావాదేవీ నిజం. మన ఊళ్లలో పేపరు నిజం, ప్రభుత్వం అచ్చేసిందే. దాని మీద రాసిందే దొంగది! అప్పు కింద తాత వేలిముద్ర. 1970 కంటే ముందు తేదీ వేసి పుట్టించిన కాగితం. పాలేరు పేరు మీద బినామీ. తరాలు గడిచినా తిరిగిరాని లీజు.

1959 భూ బదలాయింపు చట్టం, దాన్ని గట్టి చేసిన 1/70 ఏం చెబుతున్నాయి? షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడికి భూమి బదిలీ చేస్తే చెల్లదు. స్టాంపు ఎంత ఖరీదైనదైనా, కింద ఎంత పెద్దోళ్లు సాక్షి సంతకాలు పెట్టినా చెల్లదు. మరి అంత భూమి వాళ్ల చేతుల్లోకి ఎట్లా పోయింది? తెల్గీకి పనికొచ్చిన పద్ధతే ఇక్కడా పనికొచ్చింది. ప్రతి టేబుల్ దగ్గరా ఒక రేటు. మన దొంగలకి మెషిన్లు కొనే ఖర్చు కూడా లేదు!

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సీరియల్ చూడండి, కానీ ఆఫీసు ఎట్లా పనిచేస్తుందో కనిపెడుతూ చూడండి. అయ్యాక ఇంట్లో ట్రంకుపెట్టె తెరవండి. డిగ్రీ చదివింది దీనికి కూడా పనికిరావాలి. తాత వేలిముద్ర ఉన్న కాగితం దొరికితే ఎవరికి రాశారు, ఏ తేదీ, ఏ సర్వే నంబరు అని చదవండి. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర ఎల్‌టీఆర్ కేసు వేయండి. మన మండలంలో ఎన్ని కేసులు గెలిచాం, అందులో ఎన్ని ఎకరాలు నిజంగా చేతికొచ్చాయి అని ఆర్టీఐ పెట్టండి. జవాబు వచ్చాక దాన్ని స్టేటస్‌లో పెట్టండి.

జై ఆదివాసీ!