పొడుగు మాటకు ముక్కలు



ఇంగ్లీషు పాఠం పైకి చదువుతూ ఉంటే మధ్య ఒక పొడుగు మాట అడ్డం వస్తుంది. చాలామంది దాన్ని గొణిగి దాటేస్తారు. దాటనవసరం లేదు, ముక్కలు చేయండి.

తెలుగులో "తామర" అని మూడక్షరాలు రాస్తాం, మూడే పలుకుతాం. ఇంగ్లీషులో రాత లెక్క వేరు, పలుకు లెక్క వేరు. "స్ట్రెంగ్త్"కు 8 అక్షరాలు. పలికితే ఒకటే ముక్క. "ఐడియా"కు నాలుగే అక్షరాలు. పలికితే ఐ-డి-యా, మూడు ముక్కలు! గడ్డం కింద అరచెయ్యి ఆనించి మెల్లగా పలకండి. గడ్డం ఎన్నిసార్లు దిగితే సుమారుగా అన్ని ముక్కలు.

ఇంతటితో సగం పనే అయింది. ఆ ముక్కల్లో ఒకదాన్ని గట్టిగా పలకాలి. దీన్ని ఊనిక అంటారు. "బనానా" చూడండి. స్పెల్లింగులో మూడు "ఏ"లున్నాయి. ఇంగ్లండులో మధ్యదాన్నే నిండుగా "నా" అంటారు. అటూ ఇటూ ఉన్నవి నలిగి పొట్టి "అ"లవుతాయి. ఛందస్సు చదివినవారికి జగణం గుర్తుకు రావచ్చు. పోలిక ముచ్చటగానే ఉన్నది గాని, దాన్ని నమ్ముకోకండి. గురులఘువులు పలికే కాలాన్ని బట్టి ఏర్పడతాయి. ఊనికకు ముఖ్యం గొంతు బలం. "సిటీ"లో మొదటి ముక్క పొట్టిదే, అయినా ఊనిక దానిమీదనే.

ఈ ఊనిక ఒకచోట నిలవదు. "ఫోటోగ్రాఫ్"లో మొదటి ముక్కమీద ఉంటుంది. ఆ ఫోటో తీసేవాణ్ణి చెప్పేటప్పుడు రెండో ముక్కకు జరుగుతుంది: ఫ-టా-గ్ర-ఫర్. "ఫోటోగ్రాఫిక్" అంటే మూడోదానికి పోతుంది. ఊనిక తప్పితే, మాట సరైనదైనా ఎదుటివారికి అర్థం కాకపోవచ్చు. "హోటల్"కు ఇంగ్లీషులో ఊనిక రెండో ముక్కమీద. తెలుగులో మాట్లాడేటప్పుడు మాత్రం హాయిగా మన హోటల్ అనే అనండి, అది మనదైపోయింది.

"షన్"తో ముగిసే మాటల్లో ఊనిక సాధారణంగా దాని ముందరి ముక్కమీద పడుతుంది. "ఎగ్జామినేషన్"లో "నే" అదే. "ఇక్"తో ముగిసేవీ చాలావరకు అంతే. "అరిత్‌మెటిక్" మాత్రం ఎదురు తిరిగి "రిత్" మీద నిలుస్తుంది. లెక్కలు ఎప్పుడూ ఇంతే!

నిఘంటువులో ఊనికకు చిన్న నిలువుగీత గుర్తు. కొన్నింటిలో అది ముక్కకు ముందు, కొన్నింటిలో తరువాత ఉంటుంది. మొదటి పేజీల్లో చూసుకోండి.

పెద్దలకొక మాట. బిడ్డ తప్పు పలికితే నవ్వకండి. మర్నాటి నుంచి పైకి చదవడమే మానేస్తాడు. నిఘంటువు తెచ్చి పక్కన కూర్చోండి.

ఇక ఈ నెల పని: యూనివర్సిటీ, ఎలక్ట్రిసిటీ, రెస్పాన్సిబిలిటీ. మూడింటినీ ముక్కలు చేసి, నిఘంటువు చూసి ఊనిక గుర్తు పెట్టండి. అది చివరి నుంచి ఎన్నో ముక్కమీద పడిందో లెక్కపెట్టండి.